ముసలి నేస్తానికి మనమే దిక్కు

బుజ్జి కుక్కపిల్ల ఇంటికొస్తే ముద్దు చేయడానికి ఇంటిల్లిపాదీ పోటీ పడతారు. అదే కుక్క ముసలిదై, చూపు మందగించి, పడుకున్న చోటే తడిపేసే రోజులొస్తే? అసలు పెంపకం మొదలయ్యేది అప్పుడే!

పామర్రు చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుంది. డాబా ఇల్లు, ముందు వరండా, గేటు పక్కన మందార చెట్టు. ఉండేది ఇద్దరే... అరవై అయిదేళ్ల ఆయన, అరవై దాటిన ఆవిడ. అమ్మాయి అమెరికాలో. పదో తరగతిలో ఉన్నప్పుడు మారాం చేసి తెచ్చుకున్న పామరేనియన్‌ని, ఎమ్మెస్‌కి వెళ్తూ అమ్మానాన్నలకు అప్పజెప్పింది. 'నా కంటే దాన్నే జాగ్రత్తగా చూసుకోండి' అని నవ్వుతూ విమానం ఎక్కింది. ఇప్పుడు ఆ కుక్కకు 13 ఏళ్లు. వీడియో కాల్‌లో అమ్మాయి ఎంత పిలిచినా చెవి కదపదు. ప్రేమ లేక కాదు, వినపడక.

కృష్ణా డెల్టాలో ఇది ఏ ఒక్కింటి కథో కాదు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక, వాళ్లు వదిలివెళ్లిన కుక్క పెద్దవాళ్లకు మరో బిడ్డవుతుంది. పొద్దున్నే ఆయన వెంట కాలవ గట్టు దాకా నడిచేది అదే. మధ్యాహ్నం ఆవిడ టీవీ చూస్తుంటే కాళ్ల దగ్గర పడుకునేదీ అదే. అలాంటి తోడు జబ్బుపడితే ఏం చేయాలి? ఎంతవరకు చేయాలి? ఎప్పుడు ఆపాలి? ఈ ప్రశ్నలు ఎవరితో పంచుకోవాలో తెలియక లోలోపలే నలిగిపోయేవాళ్లు చాలామంది.

ఏడుతో గుణిస్తే సరిపోదు

కుక్కకు ఒక ఏడాది మనకు ఏడేళ్లతో సమానం అంటుంటారు. లెక్క అంత తేలిక కాదు. పశువైద్యుల అంచనా ప్రకారం ఓ మోస్తరు కుక్కకు మొదటి ఏడాది మన 15 ఏళ్లకు సమానం. రెండో ఏడాదికి ఇంకో తొమ్మిదేళ్లు కలుస్తాయి. ఆ తర్వాత ఏటా నాలుగైదేళ్ల చొప్పున పెరుగుతుంది. ఇందులోనూ జాతిని బట్టి తేడాలున్నాయి. గ్రేట్ డేన్ లాంటి భారీ కుక్కలకు ఆరేళ్లకే వృద్ధాప్యం వచ్చేస్తుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లకు ఏడెనిమిదేళ్లకు. పామరేనియన్ లాంటి చిన్న జాతులైతే పదేళ్లు దాటేదాకా హుషారుగానే ఉంటాయి.

ఈ లెక్కన 13 ఏళ్ల పామరేనియన్ 70 ఏళ్ల మనిషి కింద లెక్క. అంటే ఆ ఇంట్లో ఇప్పుడున్నది ముగ్గురు పెద్దవాళ్లు! ఇద్దరు తమ నొప్పి చెప్పుకోగలరు. మూడో ప్రాణి చెప్పుకోలేదు. తేడా అంతే.

'ముసలిదైపోయింది' అని వదిలేయొద్దు

ముసలితనం జబ్బు కాదు. కానీ దాని చాటున చాలా జబ్బులు దాక్కుంటాయి. 'వయసైపోయిందిలే' అని సరిపెట్టుకుంటే నయమయ్యే జబ్బు కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

మామూలు కంటే ఎక్కువగా నీళ్లు తాగుతోందా? పదే పదే మూత్రానికి వెళ్తోందా? కిడ్నీ జబ్బో, మధుమేహమో కావచ్చు. కిడ్నీలు దాదాపు నాలుగింట మూడొంతులు దెబ్బతిన్నాక గానీ రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగినట్టు తెలియదు. అందుకే మొదటి అనుమానానికే పరీక్ష చేయించాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క అయితే మరో ప్రమాదం ఉంది. ఎదకు వచ్చిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టొచ్చు. కుక్క తిండి మానేసి, నీళ్లు మాత్రం తెగ తాగుతుంది. దాన్ని ముసలితనమని వదిలేస్తే రోజుల్లోనే ప్రాణం పోతుంది. వేళకు ఆపరేషన్ చేస్తే చాలావరకు బతుకుతుంది.

చిగుళ్లు పాలిపోయి, జ్వరంతో ముడుచుకుని పడుకుంటే పిడుదులు గుర్తుకు రావాలి. మన తేమ వాతావరణంలో వాటికి కొదవ లేదు. అవి కుట్టడం వల్ల వచ్చే జ్వరంలో రక్తంలోని ప్లేట్‌లెట్లు పడిపోతాయి. రక్తపరీక్షలో తేలితే డాక్టరు వారాల తరబడి మందు వాడమంటారు. రెండ్రోజుల్లో లేచి తిరుగుతోంది కదా అని మధ్యలో ఆపేయకూడదు.

రాత్రిళ్లు ఇంట్లో తచ్చాడుతూ, గోడ మూలకు వెళ్లి అలాగే నిలబడిపోతోందా? మనుషులకు వచ్చే మతిమరుపు జబ్బు లాంటిదే కుక్కలకూ వస్తుంది. తెలిసిన ఇంట్లోనే దారి తప్పుతుంది. కావాలని చేస్తోందనుకుని కొట్టడం దారుణం.

నొప్పి సంగతి మరీ సున్నితం. కుక్కలు నొప్పిని బయటపెట్టవు. కుయ్యిమంటేనే నొప్పి అనుకోవద్దు. మెట్టెక్కే ముందు ఆగడం, ఒకే కీలును అదేపనిగా నాకడం, ఎండ లేకపోయినా రొప్పడం, ఎప్పుడూ లేనిది ముట్టుకోబోతే గుర్రుమనడం... ఇవన్నీ నొప్పికి గుర్తులే.

పామర్రు లాంటి మండల కేంద్రాల్లో పశువుల ఆసుపత్రులు ఉంటాయి. అక్కడ గేదెలు, దూడల రద్దీయే ఎక్కువ. అయినా మొదట చూపించాల్సింది అక్కడే. పెద్ద పరీక్షలు కావాలంటే గన్నవరంలో 1998 నుంచి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. పామర్రు నుంచి గుడివాడ మీదుగానైనా, కంకిపాడు మీదుగానైనా వెళ్లొచ్చు. రాష్ట్రంలో 2022లో నియోజకవర్గాల వారీగా సంచార పశువైద్య అంబులెన్సులను ప్రారంభించారు. వాటిని పిలిచే నంబరు 1962. బాగా జబ్బుపడిన కుక్కను కదిలించే ముందు ఒకసారి డాక్టరుకు ఫోన్ చేసి అడగడం మేలు.

మన మాత్ర దానికి విషం

ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారంటే మోకాళ్ల నొప్పులకు మాత్రలూ ఉంటాయి. 'పాపం, అదీ కుంటుతోంది కదా' అని అందులోంచి సగం ముక్క పెరుగన్నంలో కలిపి పెట్టేస్తారు. జాలితో చేసే ఈ పని కుక్క ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తినే రాబందులు కుప్పలుగా చనిపోయాయి. అందుకే 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. కుక్కలకు పనికొచ్చే నొప్పి మందులు వేరే ఉన్నాయి. మాత్ర ఏదైనా డాక్టరు చెప్పాకే, చెప్పిన మోతాదులోనే వేయాలి.

ఇంట్లోనే ఇలా...

ముసలి కుక్కకు కావాల్సినవి ఖరీదైన సరంజామా కాదు. కాస్త ఓపిక, కాస్త గమనిక.

గ్రానైట్, మార్బుల్ బండలు మనకు అందం, కీళ్లనొప్పుల కుక్కకు మాత్రం శత్రువులు. కాలు జారి, వెనక కాళ్లు విడిపోయి పడిపోతుంది. అది తిరిగే దారిలో గోనెపట్టాలో, పాత రబ్బరు మ్యాట్లో పరిస్తే చాలు. ధైర్యంగా అడుగేస్తుంది. నీళ్ల గిన్నె, తిండి గిన్నె కాస్త ఎత్తు మీద పెడితే మెడ వంచే బాధ తప్పుతుంది. చూపు తగ్గిన కుక్క ఉన్న ఇంట్లో కుర్చీలు, మంచాలు మాటిమాటికీ జరపకూడదు. అది ఇంటిని గుర్తుపెట్టుకునే నడుస్తుంది మరి.

రోహిణి కార్తెలో మన ఎండల సంగతి తెలిసిందే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పి రొప్పి ఒంట్లో వేడిని తగ్గించుకోవాలి. గుండె బలహీనమైతే అదీ చేతకాదు. మధ్యాహ్నం దాన్ని ఇంట్లోకి రానివ్వాలి. ఫ్యాను కింద తడిగుడ్డ పరిచి పడుకోబెట్టాలి. నడక పొద్దు పొడవక ముందో, పొద్దు గూకాకో పెట్టుకోవాలి.

లేవలేని స్థితిలో ఉంటే రెండు మూడు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేదంటే మంచం పట్టిన మనిషికి పడ్డట్టే ఒరుపు పుండ్లు పడతాయి. కింద మెత్తటి బొంత, దాని మీద తేలిగ్గా ఉతుక్కునే పాత చీర వేయాలి. వానాకాలంలో ఈగలు వాలితే చిన్న గాయంలోనూ పురుగులు పడతాయి. దాని మీద కిరసనాయిలో, ఫినాయిలో పోయడం కొందరికి అలవాటు. అది నిప్పు మీద నిప్పు పోయడమే. గాయం చుట్టూ వెంట్రుకలు కత్తిరించి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

తిండి విషయంలో మొహమాటం వద్దు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ ఏ వయసు కుక్కకైనా ప్రమాదమే. మన కూర కలిపిన అన్నంలో ఉల్లిపాయ ఉంటుందని మరిచిపోకూడదు. కిడ్నీ జబ్బుంటే మాంసం ఎంత పెట్టాలో, ఉప్పు ఎంత తగ్గించాలో డాక్టరునే అడగాలి. రేబిస్ టీకా మాత్రం డాక్టరు చెప్పిన వేళకు పడుతూనే ఉండాలి. నొప్పితో ఉన్న కుక్క తెలియకుండానే కరవొచ్చు, ఇంట్లో మనవలు తిరుగుతుంటారు కదా!

గేటు బయటకు తోసేస్తే...

చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. ముసలిదై, ఒళ్లంతా పుండ్లు పడి, వాసన వస్తుంటే... రాత్రివేళ బండిలో తీసుకెళ్లి ఏ చేపల మార్కెట్ దగ్గరో, ఊరి చివర కాలవ వంతెన దగ్గరో దించేసి వచ్చేవాళ్లున్నారు. మెడకు బెల్టు ఉన్న ముసలి కుక్క బిక్కుబిక్కుమంటూ రోడ్డు మీద నిలబడిందంటే అర్థం అదే. పుట్టినప్పటి నుంచి గిన్నెలో పెడితే తిన్న ప్రాణి వీధి కుక్కల మధ్య ఎన్నాళ్లు బతుకుతుంది?

ఆకలి దప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమేమో గానీ ఈ రోజుల్లో హోటల్లో టిఫినుకు సరిపోదు. కాబట్టి ఇక్కడ ఆపాల్సింది చట్టం కంటే ముందు మనస్సాక్షి. మహాప్రస్థానంలో ధర్మరాజు కథ మనకు తెలియనిదా? కుక్కను వదిలేస్తేనే స్వర్గంలోకి రానిస్తానని ఇంద్రుడంటే, నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలే స్వర్గం తనకొద్దన్నాడు ఆయన. ఆ కథను పిల్లలకు చెప్పే ఇళ్లలోనే ముసలి కుక్కకు గేటు మూసుకుపోతే ఎలా?

ఆ నిర్ణయం ఎప్పుడు?

మందులు వాడారు. సెలైన్లు ఎక్కించారు. అయినా లేవడం లేదు, తినడం లేదు. రాత్రంతా మూలుగు. అప్పుడు డాక్టరు మెల్లగా ఓ మాటంటారు... 'ఇంజెక్షన్ ఇచ్చేద్దామా?'

ఆ మాట వినగానే గుండె ఆగినంత పనవుతుంది. 'చేతులారా చంపుకుంటామా? పాపం కాదూ?' అంటుంది ఆవిడ. ఆయన మాట్లాడకుండా వరండాలోకి వెళ్లిపోతాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. కానీ నయం కాని బాధను 'దాని కర్మ' అని చివరిదాకా సాగదీయడం దయ అవుతుందా? అదీ ఆలోచించాలి. మన దేశంలో వీధి కుక్కల నియంత్రణ నిబంధనలు సైతం నయం కాని జబ్బుతోనో, కోలుకోలేని గాయాలతోనో బాధపడే కుక్కలకు పశువైద్యుడి నిర్ధారణతో బాధలేని మరణాన్ని అనుమతిస్తున్నాయి.

ఈ నిర్ణయం మనసు చెప్పినట్టు తీసుకుంటే కష్టం. ఒకరోజు తోక ఊపితే ఆశ, మర్నాడు మూలిగితే నిరాశ. అందుకే అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విలలోబోస్ 2004లో ఓ కొలమానం రూపొందించారు. ఏడు అంశాలు, ఒక్కోదానికి పదేసి మార్కులు. నొప్పి అదుపులో ఉందా? తింటోందా? నీళ్లు తాగుతోందా? ఒళ్లు శుభ్రంగా ఉంచగలుగుతున్నామా? మనల్ని చూస్తే సంతోషం కనిపిస్తోందా? కదలగలుగుతోందా? చివరిది, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా? మొత్తం 35 దాటితే సేవ కొనసాగించవచ్చు. అంతకు తగ్గుతూ పోతుంటే డాక్టరుతో మనసు విప్పి మాట్లాడాలి.

ఇంకా తేలిక మార్గం కావాలంటే గోడ మీది క్యాలెండరు చాలు. రోజూ రాత్రి పడుకునే ముందు మంచి రోజైతే ఓ సున్నా, చెడ్డ రోజైతే ఓ అడ్డగీత. మూడు వారాలయ్యాక క్యాలెండరే చెబుతుంది. అడ్డగీతలే వరుస కడితే... మనం దాన్ని ఉంచుకుంటున్నది దాని కోసమా, మన కోసమా అని అడుక్కోవాలి.

సరేననుకున్నాక జరిగేది ముందే తెలుసుకుంటే భయం తగ్గుతుంది. మొదట మత్తు ఇవ్వమని డాక్టరును అడగండి. కుక్క గాఢనిద్రలోకి జారాకే అసలు ఇంజెక్షన్ ఇవ్వాలి. కొద్ది నిమిషాల్లోనే గుండె ఆగుతుంది. కళ్లు తెరిచే ఉండొచ్చు. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు ఎగశ్వాస కనిపించొచ్చు. అది బాధ కాదు, శరీరం చేసే చివరి కదలిక. వీలైతే దగ్గరే కూర్చోండి. చెవులు వినపడకపోయినా తల మీద చెయ్యి తెలుస్తుంది.

అమ్మాయికి ఎప్పుడు చెప్పాలి? 'పరీక్షలున్నాయి, ఉద్యోగం ఒత్తిడిలో ఉంది, అయిపోయాక చెబుదాంలే' అని దాచేవాళ్లే ఎక్కువ. మంచికే చేస్తారు. కానీ నెల తర్వాత తెలిస్తే ఆ పిల్ల పడే బాధ రెండింతలు. కుక్క పోయినందుకు ఒకటి, తనకు చెప్పనందుకు ఒకటి. జబ్బు ముదురుతున్నప్పుడే చెప్పాలి. విమానం ఎక్కి రాలేకపోవచ్చు. తెర మీదైనా చివరిసారి చూసుకునే అవకాశం మాత్రం తనదే. నిర్ణయం భారం కూడా ఇద్దరు పెద్దవాళ్ల మీదే పడకుండా ముగ్గురూ పంచుకుంటారు.

మట్టిలో కలిపేటప్పుడు

కాలవలో పడేయడం అన్నిటికన్నా చెడ్డ పని. మన ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఆ కాలవ నీళ్లతోనే. సొంత పెరట్లోనో, చేలో మెరక మీదో పాతిపెట్టడం మంచిది. బావికి, బోరుకు దూరంగా ఉండాలి. కనీసం నాలుగడుగుల లోతు తవ్వాలి. డెల్టా నేలలో వానాకాలం కాస్త తవ్వితేనే నీరు ఊరుతుంది, అందుకే మెరక చూసుకోవాలి. సున్నం చల్లి, మట్టి గట్టిగా నింపి, పైన రాళ్లు పేరిస్తే ఇతర జంతువులు తవ్వకుండా ఉంటాయి. ఇంజెక్షన్‌తో పోయిన కుక్క అయితే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఆ మందు కళేబరంలో ఉండిపోయి, తిన్న జంతువుల ప్రాణం తీస్తుంది.

కుక్క పోతే ఏడుపా?

మనిషి పోతే ఊరంతా పరామర్శకు వస్తుంది. పదిరోజులు ఇంట్లో జనం ఉంటారు. కుక్క పోతే? మర్నాడు పొద్దున్నే పాలబ్బాయి, 'ఏదండీ, మొరగట్లేదు' అంటాడు. అంతే. కళ్లు తుడుచుకుంటుంటే, 'కుక్క కోసం ఇంత ఏడుపా? ఇంకోటి తెచ్చుకుంటే సరి' అనేవాళ్లే ఎక్కువ. సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి అమెరికా పండితుడు కెనెత్ డోకా 1989లో ఏకంగా ఓ పుస్తకమే తెచ్చారు. నలుగురిలో ఏడ్చే వీలు లేని దుఃఖం లోపలే ఉండి మరింత బాధిస్తుందన్నది దాని సారాంశం.

నిజానికి ఇది కొత్తగా వచ్చిన సున్నితత్వమేం కాదు. కర్ణాటకలోని ఆతకూరులో పదో శతాబ్దపు వీరగల్లు ఒకటి దొరికింది. అడవిపందితో పోరాడి చనిపోయిన 'కాళి' అనే వేటకుక్క కోసం దాని యజమాని మణలేరుడు నిలబెట్టిన రాయి అది. యుద్ధాల్లో కత్తి తిప్పిన వీరుడే కుక్క కోసం శిలాశాసనం వేయించాడు! మొన్నమొన్నటి సంగతి చూసినా, రతన్ టాటా 2018లో లండన్‌లో రాజకుటుంబం చేతుల మీదుగా అందుకోవాల్సిన పురస్కారానికి వెళ్లలేదు. తన కుక్కకు ఒంట్లో బాగాలేదు, వదిలి రాలేనన్నారని ఆయన మిత్రుడు సుహేల్ సేఠ్ చెప్పారు. వాళ్లకు లేని సిగ్గు మనకెందుకు?

పోయాక కొన్నాళ్లు 'ముందే తీసుకెళ్లాల్సింది', 'తొందరపడ్డామేమో' అని మనసు గుచ్చుతూనే ఉంటుంది. ఈ రెండు మాటలూ దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తాయి. ప్రేమ ఉన్నచోటే ఆ గుచ్చుకోవడం ఉంటుంది. చిన్నపిల్లలుంటే 'ఊరెళ్లింది, వస్తుంది' అని అబద్ధం చెప్పొద్దు. వాళ్లు రోజూ గేటు దగ్గర ఎదురుచూస్తారు. 'జబ్బు చేసి చనిపోయింది, ఇక రాదు' అని మెత్తగా చెప్పి, దాని మీద నాటే మొక్కకు వాళ్ల చేతే నీళ్లు పోయించండి. మరో కుక్కను వెంటనే తేవాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. తెచ్చేముందు ఒక లెక్క మాత్రం వేసుకోవాలి... అది 13 ఏళ్లదయ్యేసరికి మనకు ఎన్నేళ్లుంటాయి? అప్పుడు దాన్ని చూసేదెవరు?

ఇక ఇరుగుపొరుగువాళ్లు చేయాల్సింది ఒక్కటే. ఈసారి మీ వీధిలో ఎవరింట్లోనైనా కుక్క పోయిందని తెలిస్తే, ఓసారి వెళ్లి గుమ్మంలో కూర్చోండి. పెద్ద మాటలేం అక్కర్లేదు. 'దాని పేరేంటండీ? ఎన్నేళ్లుంది మీ దగ్గర?' అని అడగండి చాలు. మిగతాదంతా వాళ్లే చెబుతారు.